కిలో ఆరు వేల బ్యాటరీ

నేను ఒక ఇనప కాటాను. మూడు వందల కిలోల దాకా ఏది పెట్టినా మోస్తాను. కింద చదరపు పీట, వెనక నిలువు స్తంభం, పైన గీతలున్న ఇత్తడి దండె, దాని మీద అటూ ఇటూ జరిగే గుండు. ఇదీ నా ఆస్తి. బరువు చెప్పడం తప్ప మరో విద్య రాదు. అయినా యాభై ఏడేళ్ళుగా మనుషులు నా ముందు ఊపిరి బిగబట్టి నిలబడుతూనే ఉన్నారు. అనుకున్నంత తూగితే మంచి కాటాను, తూగకపోతే పాడు కాటాను.

రాజమండ్రిలో ఒక పోతపని షెడ్డులో పుట్టాను. మొదటి యజమాని బెల్లం వ్యాపారి. అమ్మే బస్తా నా మీద పెట్టి, పక్కనే తన కాలి బొటనవేలు కూడా పెట్టేవాడు. ఆ వేలు సంపాదించినంత ఆయన రెండు చేతులూ సంపాదించలేదు. నా కీళ్ళలో చీమలు కాపురం పెట్టాక అమ్మేశాడు. రెండో ఆయన పాత కాగితాలు కొనేవాడు. అమ్మే రోజున కట్టల మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించేవాడు. ఒకసారి మరీ ధారాళంగా చిలకరించి సరుకంతా బూజు పట్టించుకున్నాడు. ఆ నష్టంలో నేనూ పోయాను. తణుకులో ఇత్తడి సామాను కొట్టు పెట్టిన ఒకాయన నన్ను పాత ఇనుము ధరకి కొన్నాడు. ఇప్పుడు ఆ కొట్టు, నేనూ, ఆయన కొడుకు చిట్టబ్బాయి చేతిలో ఉన్నాం.

చిట్టబ్బాయికి బరువంటే నమ్మకం. పెళ్ళి శుభలేఖ వస్తే ముహూర్తం చూడడు. అరచేతిలో ఆడించి, "ముప్పై గ్రాములుంది, భోజనాలు బాగానే పెడతారు" అంటాడు. ఆయన్నీ తప్పుపట్టలేం. ఇత్తడి వ్యాపారంలో కొత్త బిందె అమ్మినా, పాత బిందె కొన్నా కిలోల లెక్కే. పాత సామాను తెచ్చేవాళ్ళు మూతి చుట్టులో లక్క, ఇసక కూరి తెస్తారు. చిట్టబ్బాయి బిందెను బోర్లించి వేలి కణుపుతో కొడతాడు. ఖంగుమంటే ఇత్తడి, టప్పుమంటే మోసం. ముప్పై ఏళ్ళలో ఆయన్ని ఎవరూ బోల్తా కొట్టించలేదు. వాళ్ళ నాన్న నా దండె వెనక చేసిపోయిన చిన్న ఏర్పాటు కూడా ఒకటుంది. దాని సంగతి తర్వాత. వ్యాపారంలో అన్నీ ముందే చెప్పకూడదు.

కొట్టు వెనకే ఇల్లు. అక్కడ ఆయన భార్య మంగతాయారు ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. లేడీస్ హాస్టలుకి రోజుకి నలభై కిలోలు. వేసవి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంటకి కరెంటు పోయి అయిదింటికి వస్తోంది. ఈలోగా ఫ్రిజ్‌లో పిండి పొంగి, పులిసి, మూత తన్నుకుని బయటికొస్తోంది. వారంలో రెండుసార్లు ఇడ్లీ పుల్లగా ఉందని హాస్టలు వార్డెన్ కబురు పంపింది. మూడోసారి పులుపు తగిలితే సోమవారం నుంచి వేరేవాళ్ళ దగ్గర తీసుకుంటానంది. మంగతాయారు చీటీ పాడిన ఎనభై వేలు బీరువాలో ఉన్నాయి. సోలారు పెట్టించాలని నిర్ణయించింది. బేరం మాత్రం భర్తకి వదిలింది. అదే ఆవిడ చేసిన పొరపాటు.

బుధవారం సూర్యచంద్రం అనే అతను ఆటోలో బ్యాటరీలతో దిగాడు. "ఆయ్, నా పేరే సూర్యచంద్రం అండి. ఎండలో సూర్యుడు, కరెంటు పోతే చంద్రుడు, రెండూ మా కంపెనీయే" అని కరపత్రం చేతిలో పెట్టాడు. నాలుగు ప్యానెళ్ళు, రెండు బ్యాటరీలు, ఇన్వర్టరు, ఇరవై అయిదేళ్ళ గ్యారంటీ, గోడ గడియారం ఉచితం. అన్నీ కలిపి నలభై అయిదు వేలు.

మంగతాయారు పిండి చేతులతోనే వచ్చి బ్యాటరీ పక్కభాగానికి చెయ్యి ఆనించి వంగి చూసింది. "ఇరవై అయిదేళ్ళ గ్యారంటీ అంటున్నావు, మీ కంపెనీ పెట్టి ఎన్నేళ్ళయింది బాబూ?"

"ఎనిమిది నెలలండి."

చిట్టబ్బాయికి ఆ లెక్కతో పని లేదు. బ్యాటరీని నా మీద ఎక్కించాడు. ముప్పై ఎనిమిది కిలోలు. ఆయన మొహం అదోలా పెట్టాడు. "ఇంత పెద్ద బ్యాటరీ యాభై దాటాలయ్యా. లోపల సీసం మిగిల్చారా, తినేశారా?" ఇది వట్టి మాట కాదు. సీసం తగ్గితే ఇలాంటి బ్యాటరీ బరువు తగ్గుతుంది. సూర్యచంద్రం నా దండె వైపు, చిట్టబ్బాయి వైపు మార్చి మార్చి చూశాడు. "బరువే కదండీ, ఎల్లుండి తెస్తాను" అని బ్యాటరీలు ఆటోలో వేసుకుని వెళ్ళాడు.

గురువారం బస్టాండు దగ్గర ఎలక్ట్రికల్ షాపు నడిపే రెహానా వచ్చింది. స్కూటీ ముందు కాళ్ళ దగ్గర ఒక డబ్బా. రెండు ప్యానెళ్ళు, ఇన్వర్టరు, ఈ డబ్బా, మొత్తం డెబ్బై ఎనిమిది వేలంది. చిట్టబ్బాయి డబ్బాను నా మీద పెట్టాడు. పదమూడు కిలోలు.

"డెబ్బై ఎనిమిది వేలు బై పదమూడు... కిలో ఆరు వేలా? కంచు కూడా ఇంత పలకదమ్మా!"

"ప్యానెళ్ళూ ఇన్వర్టరూ కూడా ఆ ధరలోనే ఉన్నాయి బాబాయ్ గారూ. వాటిని మీరు తూచలేదు."

"తీసుకురా, తూస్తాను."

రెహానా నవ్వు ఆపుకుంది. "ఇది లిథియం అండి, తేలిగ్గానే ఉంటుంది. బరువు సంగతి వదిలెయ్యండి. పిన్నిగారి ఫ్రిజ్ ఎన్ని గంటలు ఆడాలో చెప్పండి. నాలుగైతే పూచీ నాది. గ్రైండరు మాత్రం దీని మీద ఆడదు. ఆడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. బ్యాటరీకి అయిదేళ్ళే గ్యారంటీ."

సరుకుకి ఏది చేతకాదో ముందే చెప్పే వ్యాపారిని నేను మొదటిసారి చూశాను. చిట్టబ్బాయీ ఇదివరకు చూడలేదు కాబట్టే నమ్మలేదు. "చూద్దాంలే" అని పంపేశాడు.

శుక్రవారం సూర్యచంద్రం మళ్ళీ వచ్చాడు. ఈసారి ఇద్దరు పట్టుకుని నా మీద పెట్టారు. గుండు జరుగుతూ జరుగుతూ యాభై తొమ్మిది దగ్గర ఆగింది. "కొత్త మోడల్ అండి, హెవీ డ్యూటీ!" చిట్టబ్బాయి మొహం కొత్త చెంబులా మెరిసింది. "తాయారూ, డబ్బు పట్రా!" అని కేకేశాడు. నా పని నేను చేశాను. యాభై తొమ్మిదే నిజం. దేని బరువో చెప్పడం నా వల్ల కాదు.

మంగతాయారు డబ్బు కొంగున కట్టుకుని వచ్చింది. ముడి విప్పుతూ బ్యాటరీ వైపు చూసి ఆగిపోయింది. నల్లటి డబ్బా పక్కభాగం మీద ఎండిపోయిన పిండి, నాలుగు వేళ్ళ అచ్చు. తన చెయ్యి దాని మీద ఆనించింది. సరిగ్గా సరిపోయింది.

"మోడల్ కొత్తదే, వేలిముద్రలు మాత్రం పాతవి. మొన్న నేను ముట్టుకున్నదే ఇది. రెండు రోజుల్లో ఇరవై ఒక్క కిలోలు ఎలా పెరిగింది బాబూ? నా పిండి కూడా ఇంత పొంగదు."

సూర్యచంద్రం తడబడలేదు. "ఫుల్లుగా ఛార్జింగ్ పెట్టామండి. కరెంటు ఎక్కితే బరువెక్కదా?"

మా చిట్టబ్బాయి ఒక్క క్షణం తల ఊపాడు కూడా.

"ఊపకండి" అంది ఆవిడ. "ఎవరైనా బిందె తెస్తే బోర్లించి కొడతారు కదా, దీన్నెందుకు కొట్టలేదు?"

చిట్టబ్బాయి బ్యాటరీని పక్కకి వంచి, కణుపుతో పైనుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చాడు. అడుగుకి నాలుగు వేళ్ళ పైన చప్పుడు మారింది. టప్పు. గోటితో గీకితే నల్ల రంగు ఊడి, తడి ఆరీ ఆరని సిమెంటు కనబడింది. రేకు తొట్టిలో సిమెంటు పోసి, బ్యాటరీని అందులో కూర్చోబెట్టారు.

"ముప్పై ఏళ్ళ నుంచి మూతి చుట్టులో లక్క పట్టుకుంటున్నవాణ్ణి! నాకే అడుగున సిమెంటా!" అని అరిచాడు చిట్టబ్బాయి. మోసం కంటే, తన వ్యాపారంలో మోసం తన మీదే వెయ్యడం ఆయన్ని ఎక్కువ మండించింది.

"మీరు బరువడిగారండి, నేను బరువే తెచ్చాను" అన్నాడు సూర్యచంద్రం. అన్యాయం చెప్పకూడదు, ఆ మాటలో న్యాయం ఉంది. చిట్టబ్బాయి రాగి గరిటె అందుకునేసరికి అతను బ్యాటరీలతో సహా ఆటో ఎక్కేశాడు. గడియారం మర్చిపోయాడు. అది ఆడటం లేదు.

మంగతాయారు రెహానాకి ఫోన్ చేసింది. అలాగని ఆ పిల్లనీ ఊరికే నమ్మలేదు. శనివారం గిన్నెలో పిండి పోసి, అంచుకి రెండు వేళ్ళ కింద లోపల పసుపుతో గీత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచింది. "ఆయన కొలత చూశాం. ఇది నా కొలత. కరెంటు వచ్చేసరికి పిండి గీత దాటితే నీ డబ్బా నువ్వు పట్టుకెళ్ళు. దాటకపోతే డబ్బు పట్టుకెళ్ళు."

"సరే పిన్నిగారూ" అని రెహానా బ్యాటరీ తగిలించి స్టూలు మీద కూర్చుంది.

ఒంటిగంటకి కరెంటు పోయింది. వీధిలో ఫ్యాన్లన్నీ నిద్రపోయాయి. మా ఇంట్లో ఫ్రిజ్ గురక ఆగలేదు. చిట్టబ్బాయి పావుగంటకోసారి తలుపు తీసి గీత చూస్తున్నాడు. "బాబాయ్ గారూ, మీరిలా తలుపు తీస్తుంటే బ్యాటరీ కాదు, పవర్‌హౌసు తెచ్చినా చాలదు" అంది రెహానా. ఆ తర్వాత ఆయన తలుపు ముట్టుకోకుండా మంగతాయారు కాపలా కాసింది. అయిదింటికి కరెంటు వచ్చాక తలుపు తీశారు. పిండి గీతకి వేలెడు కిందే ఉంది. డబ్బు చేతులు మారింది. ఆదివారం ప్యానెళ్ళు డాబా ఎక్కాయి. సోమవారం హాస్టలుకి నలభై కిలోలు వెళ్ళాయి. వార్డెన్ ఏ కబురూ పంపలేదు. పిండి వ్యాపారంలో సన్మానమంటే అదే.

కథ ఇక్కడ ఆగి ఉంటే చిట్టబ్బాయికి బాగుండేది. కానీ మంగతాయారుకి కొట్టి చూడటం అలవాటైపోయింది. ఆ వారమే మిల్లు నుంచి పాతిక కిలోల మినప్పప్పు బస్తా తెప్పించి నా మీద పెట్టింది. ఇరవై నాలుగు కిలోల ఏడు వందలు. మిల్లువాణ్ణి తిట్టబోయి, అప్పటిదాకా ఖాళీగా కూర్చున్న భర్త హఠాత్తుగా బిందెల దుమ్ము దులపడం గమనించింది. నా చుట్టూ తిరిగి, దండె వెనక చెయ్యి పెట్టింది. కొక్కేనికి వేలాడుతున్న వేలిగోరంత ఇత్తడి బిళ్ళ చేతికొచ్చింది. పాత సామాను కొనేటప్పుడు తగిలించి, కొత్తది అమ్మేటప్పుడు తీసేసే బిళ్ళ. ఆ పూట పాత గుండిగ కొని, తియ్యడం మర్చిపోయాడు.

"ఇంత బిళ్ళ మూడొందల గ్రాములు మింగుతుందా? ఏంటండీ ఇది?"

"మా నాన్నగారి కాలం నుంచీ ఉందే."

"సూర్యచంద్రం కూడా వాళ్ళ నాన్నగారి దగ్గరే నేర్చుకుని ఉంటాడులెండి."

చిట్టబ్బాయి ఇంకో బిందె దుమ్ము దులపడం మొదలెట్టాడు. ఆవిడ ఆ బిళ్ళకి దారం కట్టి ఫ్రిజ్ పిడికి వేలాడదీసింది. మజ్జిగ కోసం వెళ్ళినప్పుడల్లా ఆయన చేతికి తగులుతుంది.

ఆ మర్నాడు, ఏటా పాత సామాను తెచ్చే ముసలామె ఒకావిడ బిందె పట్టుకొచ్చింది. ఎప్పటిలాగే ఇంటి దగ్గర తూపించుకునే వచ్చింది, నాలుగు కిలోల రెండు వందలు. చిట్టబ్బాయి బోర్లించి కొట్టాడు. ఖంగుమంది. నా మీద పెట్టాడు. నాలుగు కిలోల రెండు వందలే. ఈ కొట్టుకొచ్చాక పాత సామానుకి నేను చెప్పిన మొదటి నిజం అది.

ముసలామె దండె వైపు అనుమానంగా చూసి, జాలిగా అంది: "నాయనా చిట్టబ్బాయీ, నీ కాటా పాడైపోయింది. బాగు చేయించుకో."