పక్కన కూర్చుని వినే మనిషి

"అమ్మా, వింటున్నావా?" అంది నుహైలా, పుస్తకం మీద నుంచి తల ఎత్తకుండానే.

ఇజ్జా పిండి పిసుకుతూనే తలూపింది. వింటూనే ఉంది. పొద్దు వాలేలోపు రొట్టెల పళ్ళెం వీధి చివరి బట్టీకి చేరాలి, ఈలోపే కూతురి పాఠమూ అయిపోవాలి. పిల్ల చదువుతున్నప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చుని వినాలని బడివాళ్ళు మొదటి ఏడే చెప్పారు. ఎవరో ఒకరు అంటే ఈ ఇంట్లో ఎవరో వేరే చెప్పక్కర్లేదు. గిన్నెలు తోమే ఎవరో ఒకరూ, అత్తగారి మోకాళ్ళకి నూనె రాసే ఎవరో ఒకరూ, చుట్టాలు వెళ్ళాక తివాచీ దులిపే ఎవరో ఒకరూ ఎప్పుడూ ఇజ్జాయే. అందుకని వంటింట్లో పీట వేసుకుని, మోచేతుల దాకా పిండితో, రోజూ వినేది.

నుహైలా రెండో తరగతి. వేలు పెట్టుకుని కుడి నుంచి ఎడమకి గడగడా చదివేస్తుంది. ఎక్కడా తడబాటు ఉండదు. ఇజ్జాకి అక్షరం ముక్క రాదు. పైగా అది పుస్తకాల అరబ్బీ, బజార్లో తను కష్టపడి నేర్చుకున్న అరబ్బీ కాదు. అందుకని ఆమె చెవిన పడేది ఒట్టి చప్పుడే. అయినా ఆ గొంతు ఆగకుండా సాగిపోతుంటే కడుపు నిండినట్టుండేది. హాల్లో టీవీ ముందు కూర్చున్న అత్తగారు ఫాద్మా పక్కింటామెతో గొప్పలు పోయేది. "మా మనవరాలు చదువుతుంటే వార్తలు చదివినట్టుంటుందనుకో. అంతా మా వాడి పోలికే. తల్లి పోలిక రాలేదు, బతికిపోయాం."

పెళ్ళై కాసాబ్లాంకా పట్నం వచ్చేనాటికి ఇజ్జాకి తెలిసింది ఒకటే భాష, తన కొండల్లో మాట్లాడే తషల్హీత్. మొగుడు లహ్సెన్ వాళ్ళదీ ఒకప్పుడు ఆ కొండలే. అతని తండ్రి పట్నం వచ్చి చిల్లర కొట్టు పెట్టుకున్నాడు. ఆ కొట్టు ముందు నిలబడి జనం ఆయన మాటని వెక్కిరిస్తుంటే చూస్తూ పెరిగాడు లహ్సెన్. కరెంటాఫీసులో ఉద్యోగం రాగానే, ఇంట్లో ఇక ఆ మాట వినపడకూడదన్నాడు. ఫాద్మా కొడుకు మాట జవదాటలేదు. వేడి నూనె చేతి మీద చిందినప్పుడు మాత్రం ఆవిడ నోట్లోంచి అచ్చమైన కొండ తిట్టు ఊడిపడేది. వెంటనే కొడుకు ఉన్నాడేమోనని చుట్టూ చూసుకునేది. ఇజ్జాకి నవ్వొచ్చేది, కానీ ఆ నవ్వు కూడా దాచుకునేది.

నుహైలా పుట్టిన కొత్తలో ఒకరోజు పిల్లని ఒళ్ళో వేసుకుని జోల పాడుతోంది. లహ్సెన్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆపు. ఆ కొండగోల దాని చెవిలో పోస్తే రేపు బడిలో ఏం చదువుతుంది? నా కూతురు నాలాగా వెక్కిరింతలు పడకూడదు. వచ్చిన నాలుగు ముక్కలూ అరబ్బీలోనే మాట్లాడు. రాకపోతే నోరు మూసుకో, కొంపేం మునిగిపోదు."

ఆ నాలుగు ముక్కలతోనే పిల్లని పెంచింది. రా. తిను. వద్దు. వేడి. పడుకో. ఉల్లిపాయలు బేరమాడడానికి పనికొచ్చే మాటలు బిడ్డని ముద్దు చెయ్యడానికి ఎక్కడ సరిపోతాయి? పిల్ల మొదటిసారి వాన చూసి కిటికీలోంచి చేతులు చాపినప్పుడు, ఎండిన నేల మీద పడే తొలి చినుకుకి తన ఊళ్ళో ఉన్న పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "నీళ్ళు" అంది. పిల్ల చందమామని చూపించి ఇది ఏమిటమ్మా అంటే, చిన్నప్పుడు తన తల్లి చెప్పిన కథంతా గొంతులో అడ్డంపడింది. "దీపం" అని ఊరుకుంది. అయినా లోపల మాట్లాడుతూనే ఉండేది. తల దువ్వుతూ, బూట్లు తొడుగుతూ, జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ పిల్లతో బోలెడు కబుర్లు చెప్పేది. పైకి పెదవి కదిలేది కాదు. చుట్టాలొస్తే లహ్సెన్ టీ గ్లాసు అందుకుంటూ, "నా అంత అదృష్టవంతుడు ఎవడున్నాడు? మాట్లాడని పెళ్ళాం దొరికింది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నోట్లో నాలుక లేని మనిషని ఆమెకి పేరు పడిపోయింది. పోనీలే, పిల్లకి చదువొస్తోంది కదా అని సరిపెట్టుకుంది.

పాఠం విన్న ఆ సాయంత్రమే, మర్నాడు తల్లిదండ్రులిద్దరూ రావాలని బడి నుంచి కబురొచ్చింది. లహ్సెన్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. "ఏదో బహుమతి ఇస్తారు. అక్కడ నువ్వేం మాట్లాడకు, తలూపు, చాలు" అన్నాడు దారిలో.

టీచరు సిహామ్ బక్కపలచని మనిషి, పిల్లల మీద అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది. నుహైలా చేతికి పుస్తకం ఇచ్చి ఒక పేజీ చదవమంది. పిల్ల గుక్క తిప్పుకోకుండా చదివింది. లహ్సెన్ మొహం వెలిగిపోయింది.

"బాగా చదివావమ్మా. ఇప్పుడు చెప్పు, ముసలమ్మ చేతిలోంచి ఏం జారిపోయింది?"

ఆ ప్రశ్న ఆవిడ పట్నం మాటల్లోనే అడిగింది, ఇజ్జాకీ అర్థమైంది. నుహైలా మళ్ళీ పేజీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.

"చదవద్దు. పుస్తకం మూసేసి చెప్పు. ముసలమ్మ నూతి దగ్గరికి వెళ్ళింది. చేద నూతిలో పడిపోయింది. ఇప్పుడావిడ ఏం చేస్తుందంటావు?"

పిల్ల తల్లి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. "చదువుతాను టీచర్. ఇంకా తొందరగా చదువుతాను" అంది. చివరి మాట ఏడుపులో కలిసిపోయింది.

సిహామ్ పిల్లని దగ్గరికి తీసుకుని కళ్ళు తుడిచి, ఆడుకోమని బయటికి పంపింది.

"చూశారుగా. అక్షరాలు పలుకుతుంది, అంతే. పుస్తకాల భాష పిల్లలందరికీ కొత్తేనండీ. కానీ మిగతావాళ్ళకి నుయ్యి గురించో, ముసలమ్మల గురించో ఇంట్లో ఎవరో ఏదో కబురు చెప్పి ఉంటారు. అది పట్టుకుని పాఠంలోకి వస్తారు. దీనికి పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇంటి దగ్గర ఏం చేశావే అంటే 'తిన్నాను, పడుకున్నాను' అంటుంది. అక్షరాలు మేం నేర్పుతాం. మాటలు ఇంటి నుంచి రావాలి. ఏ భాషైనా ఫరవాలేదు. ఇంట్లో పిల్లతో ఎవరూ మాట్లాడరా?"

ఏ భాషైనా ఫరవాలేదు.  ఇజ్జా మొగుడి వైపు తిరిగింది. ఇప్పుడు చెబుతాడనుకుంది. నేనే వద్దన్నానండీ, తెలియక అన్నాను అంటాడనుకుంది. అంతమాత్రం అన్నా చాలు, ఇన్నేళ్ళూ మరిచిపోదామనుకుంది.

లహ్సెన్ చొక్కా కాలరు సర్దుకున్నాడు. "నేను పొద్దున్న పోతే రాత్రికి గానీ రానండీ. ఇంట్లో ఉండేది వాళ్ళమ్మే. ఆవిడేమో మాట్లాడదు. మొదట్నుంచీ ఆవిడ తీరే అంత, నన్నేం చెయ్యమంటారు?"

ఇజ్జాకి తల కొట్టేసినట్టయింది. చెప్పడానికి ఎంతో ఉంది. ఉల్లిపాయల బేరానికి నేర్చుకున్న మాటల్లో అందులో ఒక్కటి కూడా ఇమడదు. ఎప్పట్లాగే తల దించుకుంది.

"మాట్లాడాలమ్మా, తల్లివి కదా" అంది సిహామ్. ఆ గొంతులో జాలే ఉంది. ఆ జాలిని ఇజ్జా భరించలేకపోయింది.

గేటు దాటాక లహ్సెన్ పళ్ళు నూరాడు. "పరువు తీశావు. నీ మూగతనమే దానికీ అంటింది. రేపట్నుంచి పాఠం చదివేటప్పుడు మా అమ్మే దాని పక్కన కూర్చుంటుంది. నువ్వు ఆ ఛాయలకి రాకు, నీ వంటేదో నువ్వు చూసుకో." ఆఫీసుకి ఆలస్యమైందంటూ ట్రామెక్కి వెళ్ళిపోయాడు.

కూతురి చెయ్యి పట్టుకుని ఇజ్జా ఇంటిదారి పట్టింది. నుయ్యి, చేద. ఆ రెండు మాటలే బుర్రలో తిరుగుతున్నాయి. నిన్న పిండి పిసుకుతూ తలూపుతూ విన్నది ఇదే పాఠం. పెళ్ళయ్యేదాకా చేంతాడు లాగీ లాగీ కాయలు కాసిన చేతులు తనవి. ఊళ్ళో ఆ నుయ్యి గురించి తనకి తెలిసినంత ఎవరికి తెలుసు? ఆ నుయ్యే కూతురి పుస్తకంలోకి వచ్చి కూర్చుంటే, పక్కనే ఉండి కూడా తనకి తెలియలేదు. తనకి తెలిసింది పిల్లకి చేరలేదు, పిల్ల చదివింది తనకి చేరలేదు. ఇద్దరూ అంత దగ్గరగా కూర్చుని ఒకరికొకరు ఏమీ కాకుండా పోయారు. నడిరోడ్డు మీద కళ్ళు తుడుచుకుంటే పిల్ల కంగారుగా చూసింది.

"తొందరగా చదువుతానులే అమ్మా" అంది నుహైలా.

ఇజ్జా ఆ చేతిని ఇంకా గట్టిగా పట్టుకుని నడిచింది.

ఇంటికి రాగానే ఫాద్మా హాల్లోంచి కేకేసింది. "బహుమతి ఏదే?" ఇజ్జా నేరుగా వంటింట్లోకి వెళ్ళి పిండి పళ్ళెం ముందు కూర్చుంది. నుహైలా అలవాటు ప్రకారం పుస్తకం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. రేపట్నుంచి ఈ చోటు కూడా తనది కాదు. పిల్ల వేలు మొదటి అక్షరం మీద పెట్టింది. ఇజ్జా పిండిచేత్తోనే ఆ పుస్తకం మూసేసింది.

"మా ఊళ్ళో ఒక నుయ్యి ఉండేది" అంది, అలవాటు కొద్దీ లోపలే.  మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి పైకి, తన కొండ మాటలో. "తొంగి చూస్తే నీ మొహం ఎక్కడో అడుగున, చిల్లర నాణెమంత కనపడేది. తెల్లవారకముందే ఆడపిల్లలందరం బిందెలతో వెళ్ళేవాళ్ళం. గిలక కిర్రుమంటే చాలు, ఎవరొచ్చారో ఇంట్లో పడుకున్న ముసలివాళ్ళు కూడా చెప్పేసేవాళ్ళు. ఒకసారి నా చేతిలోంచి చేంతాడు జారి చేద లోపల పడిపోయింది. అమ్మ చంపేస్తుందని నూతిగట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే, అమ్మమ్మ ఇనప కొక్కేల గాలం పట్టుకొచ్చింది. ఒసేయ్ పిచ్చిమొహమా, అడుగున పడ్డదేదీ పోదే, పైకి తియ్యడానికి ఓపికుండాలంతే, అంది..."

ఇన్నాళ్ళూ లోపల తొక్కిపెట్టిన మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. హాల్లో టీవీ చప్పుడు తగ్గింది. అత్తగారు లేచి వస్తుందని, కొడుక్కి చెబుతుందని ఇజ్జాకి తెలుసు. అయినా ఆపలేదు. ఫాద్మా రాలేదు. కాసేపటికి టీవీ పూర్తిగా ఆగిపోయింది.

నుహైలా మాత్రం అయోమయంగా తల్లి మొహం చూస్తోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మ నోట్లోంచి ఇంత పొడుగు మాట రావడం పుట్టాక ఎప్పుడూ వినలేదు. మెల్లిగా వెనక్కి తిరిగి గుమ్మంలో ఎవరైనా ఉన్నారేమో చూసింది. ఎవరూ లేరు.

"అమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావు?"

ఇజ్జా పిండి అంటిన చేతులతోనే కూతురి మొహం తన వైపు తిప్పుకుంది.

"నీతోనే, నా తల్లీ. నువ్వు పుట్టినప్పట్నుంచీ నీతోనే."