పెట్టె లెక్కలో ఇంకా భోజనాల వేళే

ఆ ఇంట్లో చిన్నమ్మాయిని ఎవరూ పేరుపెట్టి పిలవరు. ఇంటి ఇంటర్నెట్‌కి అడ్డంగా ఫైర్‌వాల్ అనే గోడ కట్టిన రోజు నుంచీ ఆమె మేస్త్రి. గోడంటే ఇటుకల గోడ కాదు, హాల్లో చెప్పుల స్టాండు మీద కూర్చున్న అరచేతంత నల్లపెట్టె. ఏ సైటైనా దాని గుమ్మం దాటే ఇంట్లోకి రావాలి. రాత్రి భోజనాల వేళ మాత్రం ఒక గంటపాటు అది ఎవర్నీ లోపలికి రానివ్వదు. అందరూ ఫోన్లలో తలలు దూర్చి తింటున్నారని అమ్మ అలిగి, ఒకరోజు కంచాలే పెట్టకపోతే పుట్టిన ఏర్పాటు అది.

మొదట్లో అన్నయ్య మ్యాచ్ వచ్చినప్పుడల్లా "మేస్త్రీ, బంగారుతల్లీ, ఐదంటే ఐదు నిమిషాలు!" అని బతిమాలేవాడు. మేస్త్రి ఇట్టే కరిగిపోయేది. తన మీద తనకే నమ్మకం పోయి, చివరికి ఆ గంటలో సెట్టింగుల పేజీ తనకి కూడా తెరుచుకోకుండా బిగించేసింది. తాళంచెవి అమ్మ ఫోన్లో మాత్రమే ఉంటుంది, 'అందరూ తిన్నారు' అన్న ఆకుపచ్చ బటన్. ఖాళీ కంచాలు కళ్లారా చూస్తే గానీ అమ్మ దాన్ని నొక్కదు.

ఈ ఉదయం పది గంటలకి వదినకి ఆన్‌లైన్ పరీక్ష. మందుల షాపులో ఇన్నేళ్లూ సహాయకురాలిగానే నిలబడ్డ వదిన, ఇది గట్టెక్కితే తనే ఫార్మసిస్టు. ఏడాదికి ఒక్కసారే పెడతారు. పది దాటి పావుగంటైతే లోపలికి రానివ్వరు. నిన్న రాత్రి భోజనాల మధ్యలో పోయిన కరెంటు, పరీక్షకి కాస్త ముందు గానీ రాలేదు. బల్బు వెలగ్గానే వదిన హమ్మయ్య అనుకుంది. ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు.

"మేస్త్రీ! ఇటు రావే! పరీక్ష సైటు రావట్లేదు!"

మేస్త్రి నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చింది. కంప్యూటర్ తెర మీద చక్రం తిరిగి తిరిగి, తెల్ల పేజీ వదిలి ఊరుకుంది. వేరే సైటు చూసింది, అదీ రాలేదు. పెట్టె దగ్గరికి దూకి వైరు పీకి మళ్లీ గుచ్చింది. పచ్చలైటు నిక్షేపంలా వెలుగుతోంది.

"లైను బానే ఉంది వదినా."

"లైను బాగుంటే నాకేం ఒరిగింది? నా బతుకు బాగుపడాలి గానీ!"

మేస్త్రికి ఒకటి గుర్తొచ్చింది. పోయిన వారమే ఎవరో తయారుచేసి పెట్టిన ప్రకటనల సైట్ల జాబితాని గంపగుత్తగా తెచ్చి గోడకి అంటించింది. ఆ మందలో మంచి సైట్లన్నీ కూడా పడిపోయాయా? చూద్దామంటే సెట్టింగుల పేజీ కూడా తెరుచుకోలేదు. అంటే పెట్టె బిగుసుకుపోయిందన్నమాట! ఆపి, మళ్లీ వేసింది. పెట్టె ఒళ్లు విరుచుకుని లేచేసరికి గోడ గడియారం పది దాటింది. సైటు రాలేదు.

"ఫోన్ నెట్ పెట్టుకుని రాసెయ్ వదినా!"

"గదిలో ఫోన్ కనిపిస్తే పరీక్ష రద్దే తల్లీ. అయినా ఈ కొంపలో సిగ్నల్ కావాలంటే బాల్కనీ కమ్మీ పట్టుకుని వేలాడాలి. అలా వేలాడి రాయమంటావా?" వదిన మళ్లీ మళ్లీ మౌస్ నొక్కింది. "ఆడపడుచు అర్ధమొగుడంటారు. నువ్వు నిండు శత్రువయ్యావు కదే!"

మేస్త్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకోసారి ఆపి వేద్దామని హాల్లోకి పరిగెత్తబోయి ఆగిపోయింది. భోజనాల బల్ల ముందు నాన్న కంచం పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉన్నాడు.

"ఏమ్మా, ఇంత పొద్దున్నే భోజనాలేంటి?"

"ఎవరు చెప్పారు నాన్నా?"

"నీ గోడే చెప్పింది. వర్షం పడుతుందేమో చూద్దామని ఫోన్ తెరిస్తే..."

ఫోన్ తెర మీద మేస్త్రి స్వయంగా రాసిన వాక్యం మెరుస్తోంది: 'భోజనం చల్లారిపోతోంది. ఫోన్ పక్కన పెట్టి రండి.' కొత్త సైట్లకి గట్టి తాళాలుంటాయి కాబట్టి, వాటి మీద ఏమీ రాయడం గోడకి కుదరదు, ఊరికే తెరుచుకోనివ్వదు. నాన్న చూసే వాతావరణం పేజీ పాతకాలంది, దాని మీద ఎవరైనా ఏదైనా రాయొచ్చు.

మేస్త్రి బుర్రలో బల్బు వెలిగింది. కరెంటు లేనప్పుడు పెట్టెలో గడియారాన్ని నడిపే బ్యాటరీ చచ్చిపోయింది! నిన్న రాత్రి భోజనాల మధ్యలో నిద్రపోయిన పెట్టె, పొద్దున లేచి అక్కడి నుంచే లెక్క మొదలుపెట్టింది. అది ఇంటర్నెట్‌లోకెళ్లి అసలు టైమెంతో అడుగుదామంటే, తను మూసిన తలుపు తనకే అడ్డం. ఆపి వేసిన కొద్దీ మళ్లీ అదే రాత్రికి పోతుంది.

"నాన్నా, నువ్వు దేవుడివి!" అని అరిచి, రెండేసి మెట్లెక్కుతూ డాబా మీద బట్టలారేస్తున్న అమ్మ దగ్గరికి ఉరికింది. "అమ్మా, బటన్ నొక్కు! అందరూ తిన్నారు!"

"ఎవరు తిన్నారే? నా చేత అబద్ధమాడిస్తావా?"

"నిన్నటి భోజనమే అమ్మా అది! టార్చిలైటు వెలుగులో తిన్నాం కదా! పెట్టె ఇంకా అక్కడే ఉంది!"

అమ్మకి సగమే అర్థమైంది. అయినా కూతురి మొహం చూసి, తడిచేతులు చీరకి తుడుచుకుంటూ దిగింది. వంటింట్లో ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో అరటిపండు అందుకుని నేరుగా వదిన ముందుకెళ్లింది.

"పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. నోరు తెరువు."

"అత్తయ్యా, టైమైపోతోంది..."

"మింగు. అబద్ధం నా వల్ల కాదు."

వదిన గుటుక్కున మింగింది. అమ్మ నొక్కింది. చక్రం ఒక్క చుట్టు తిరిగి ఆగింది. పరీక్ష పేజీ కమలంలా విచ్చుకుంది. గడువుకి ఇంకా రెండు నిమిషాలున్నాయి. అమ్మ ఫోన్ తీసుకుని బయటికొచ్చి, మెల్లగా తలుపు దగ్గరికి వేసింది.

మేస్త్రి చెప్పుల స్టాండు పక్కన నేల మీద కూలబడి, గడియారం సంగతి నాన్నకి చెప్పింది. అప్పటిదాకా నోట్లో బ్రష్షే ఉందనుకుంది. అది ఎప్పుడో వదిన పుస్తకాల మీద పడిపోయింది.

"ఆ గడియారం ఇప్పుడే సరిచెయ్యరాదూ?" అన్నాడు నాన్న, ఖాళీ కంచం ముందు నుంచి లేవకుండానే.

"పరీక్ష అయ్యేదాకా దీని మీద ఈగని కూడా వాలనివ్వను."

మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. "అన్నీ రాశానే! దిద్దుకోడానికి టైము కూడా మిగిలింది!" అని వదిన మేస్త్రి జుట్టంతా చెరిపేసింది.

సాయంత్రం పెట్టెలో కొత్త బ్యాటరీ పడింది. రాత్రి సరిగ్గా వేళకి సైట్లన్నీ ఆగిపోయాయి. నాన్న ఫోన్ చూశాడు, గోడ గడియారం చూశాడు.

"ఈసారి నిజమేనా?"

"నిజమే మామయ్యా, కూర్చోండి" అంది వదిన.

అందరి భోజనాలూ అయ్యాక అమ్మ తన ఫోన్ తీసి కోడలి చేతిలో పెట్టింది. "ఇవాళ నువ్వు నొక్కు."

వదిన బటన్ మీద వేలు పెట్టి, పక్క కంచంలోకి తొంగిచూసి, వేలు తీసేసింది.

"మేస్త్రీ, అంచున దాచిన ఆ కూరముక్కలు కూడా తినేస్తే అప్పుడు."