ఫోన్ చూపిన వాకిలి

కబురు మనిషి తెచ్చే కాలం పోయింది. మా పెద్దమ్మ కొడుకు లచ్చయ్యన్న చంద్రపూర్‌లో పోయాడన్న కబురు కూడా మా కోడలు మాధవి ఫోన్‌లోకే వచ్చింది. దాని వెంట ఇంటి దారీ వచ్చింది. అన్న కొత్తిల్లు మేమెవరమూ చూడలేదు. పార్సిళ్లు తెచ్చేవాళ్లకు తెలియాలని ఆయన కొడుకు ఫోన్ మ్యాపులో ఇంటికి గుర్తు పెట్టుకున్నాడట. ఆ గుర్తే చుట్టాలందరికీ పంపాడు.

ఆవర్‌పూర్ నుంచి బస్సులో వచ్చి, ఆటో దిగాం. మాధవి ఫోన్ పట్టుకుని నడుస్తోంది.

"గల్లీ మలుపు తిరుగంగనే ఇల్లు, అత్తా," అంది.

మా దిక్కు చావు పలకరింపుకు పోయే ఆడది గల్లీ మొదట్లోనే కొంగు మొహం మీదికి లాక్కుని ఏడుపు రాగం ఎత్తుకోవాలి. మొహం తెరుచుకుని, పొడి కళ్లతో తలుపు దాకా నడిస్తే, 'తమాషా చూడనీకి వచ్చింది' అంటారు. నేనూ కొంగు లాక్కున్నాను. ఇక నాకు కనబడింది నేల మాత్రమే: కుర్చీల కాళ్లు, షామియానా తాళ్లు, గడప ముందు గుట్టగా చెప్పులు. చావైనా పెళ్లైనా అవే కుర్చీలు, అదే షామియానా కదా! రాగం పెంచాను.

"అత్తా, ఆగు, అత్తా!" అని మాధవి వెనక నుంచి అంటూనే ఉంది. ఏడ్చే మనిషిని ఆగమనడం మామూలేలే అనుకున్నాను.

గడప దాటి, నడుమ కూర్చున్న ఆడమనిషి మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీద తల పెట్టి ఏడ్చాను. "వదినా! నీ పసుపు కుంకుమ తీస్కపోయిండే! నీ నొసలు బోడి చేసి పోయిండే!"

ఆ భుజం తడిగా తగిలింది. పసుపు వాసన వచ్చింది.

తల ఎత్తాను. ఎదురుగా పీట మీద, ఒళ్లంతా నలుగు పెట్టించుకున్న పెళ్లిపిల్ల. నేను పట్టుకున్నది పిల్ల తల్లిని. లడ్డూల పళ్లెంతో వస్తున్న మగమనిషి అక్కడే నిలబడిపోయాడు.

"ఎవలమ్మా నువ్వు? నేను బతికే ఉన్న గద!" అన్నాడు.

ఆయన పిల్ల తండ్రి అనంతరావు, బజార్లో బట్టల దుకాణం. ఆమె సావిత్రి. ఆ ఊళ్లో ఎక్కువ మంది మరాఠీ వాళ్లే; వాళ్ల ఇల్లయితే ఏడుపు వినబడినా మాటలు తెలిసేవి కావు. నా ఖర్మకు అది తెలుగిల్లు. సావిత్రి చెయ్యి మంగళసూత్రం మీదికి పోయింది. నా మొహం ఎక్కడ పెట్టుకోను?

దండం పెట్టి, అయినదంతా చెప్పాను. "పసుపునీళ్లు చల్లుండ్రి," అన్నారు ఎవరో. మూలన కూర్చున్న సావిత్రి అత్త మాత్రం, "పోనీయుండ్రే. అప్పగింతలప్పుడు ఎట్లైనా ఏడ్వాల్సిందే, గా ఏడుపు జర ముందుగాల వచ్చింది," అంది. నలుగురు నవ్వారు. సావిత్రి నవ్వలేదు.

బయటికి వచ్చి మాధవి ఫోన్ చూసింది. వెనక గల్లీలో పడాల్సిన గుర్తు ఈ గల్లీలో పడింది.

"గిదే గుర్తు అందరికీ పోయింది, అత్తా. కోర్పనా నుంచి మనోళ్ల జీపు వస్తుంది."

ఆ జీపు నిండా మా ఆడవాళ్లే. అందరూ ఈ మలుపులోనే రాగం ఎత్తుకుంటారు. ఒక్క ఏడుపుకే ఆ తల్లి మొహం పాలిపోయింది, జీపెడు ఏడుపు వస్తే ఆ పెళ్లిల్లు ఏం కావాలి?

"ఫోన్ చెయ్యవే!"

"కలుస్తలేదు."

"అయితే గా గుర్తు తుడిచెయ్యి."

"గుర్తు తప్పు పడ్డదని మనం రాసి పంపాలె. వాళ్లు చూసి మారుస్తరు. ఇంటి ఫోటో గూడ అడుగుతుండ్రు."

"ఎవలు వాళ్లు? ఎన్నడు చూస్తరు?"

"నాకేం తెల్సు, అత్తా!"

లచ్చయ్యన్న ఇంటి ఫోటో కోసం మాధవి వెనక గల్లీకి పోయింది. నేను గల్లీ మొగదల ఎండలో నిలబడ్డాను. పెళ్లికి వచ్చేవాళ్లు నా మొహం కేసి చూసి, పక్కకు తప్పుకుని పోతున్నారు. "అగో, గామెనే," అన్న మాట చెవిన పడింది. తల వంచుకుంటే జీపు కనబడదు. తల ఎత్తుకునే నిలబడ్డాను. ఫోన్‌లో గుర్తు చాలా రోజులకు గానీ మారలేదు. ఆ పూటకు నేనే గుర్తును.

జీపు దిగుతూనే మా చెల్లెలు పద్మ కొంగు లాక్కుని నోరు తెరిచింది. ఉరికిపోయి ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

"నోరు మూయుండ్రే! ఇది కాదు, వెనక గల్లీ!"

"ఏడ్వద్దంటవేంది అక్కా?"

"ఆడికి పోయి ఏడ్వుండ్రి, కడుపు నిండ!"

అందరినీ పంపి, చివర నేను పోయాను. లచ్చయ్యన్న పెండ్లాం మల్లవ్వ వదిన గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె ముందు కూలబడ్డాను గానీ రాగం రాలేదు. ఉన్నదంతా పరాయి ఇంట్లో ఒలకబోసి వచ్చాను. వదిన నా మొహమే చూస్తోంది. చెంప తడుముకున్నాను. వేళ్లకు పసుపు. సావిత్రి భుజం మీది నలుగు చెంపంతా అంటి, ఎండిపోయి ఉంది. ఇంతసేపు జనం చూసింది దాన్నే. కొత్తగా బొట్టు పోయిన మనిషి ముందు ఆ పసుపుతో కూర్చున్నాను.

"తొవ్వ తప్పిన, వదినా," అన్నాను.

వదిన తన కొంగుతో నా చెంప తుడవబోయింది. పసుపు దగ్గరికి వచ్చి చెయ్యి ఆగింది. కొంగు చివర నా చేతిలో పెట్టి, మొహం గోడ వైపు తిప్పుకుంది.