బొట్టు ఒకచోట, నేను ఒకచోట

నేను ఒక బటన్‌ని. చొక్కాకి కుట్టే జాతి కాదు. ఆ జాతిదాన్నయితే ఎప్పుడో దారం తెగి, మంచం కిందకి దొర్లి, హాయిగా దుమ్ములో పడుకునేదాన్ని. నేను కంప్యూటర్ తెర మీద ఉండేదాన్ని. మౌస్ బాణం వచ్చి నన్ను నొక్కితే రొయ్య పిల్లల ట్యాంకుల్లోకి గాలి ఎక్కువ పోతుంది. గాలి పంపడం నా పని. నేనుండే చోట మాత్రం ఊపిరాడదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మీరు తెర మీద చూసే విండో అనేది ఒక పెద్ద పెట్టె. దాని లోపల ఒక నిలువు పెట్టె. అందులో ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. పైన, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే పెద్ద అంకె. దాని కింద వంకర గీతల బొమ్మ. అన్నిటికంటే అడుగున ఒక అడ్డ పెట్టె. ఆ అడ్డ పెట్టెలో పక్కపక్కనే ఇద్దరం ఉంటాం, నేనూ నా పొరుగు బటనూ. ఈ పెట్టెల్ని ప్రోగ్రాం రాసేవాళ్లు లేఅవుట్ కంటైనర్లు అంటారు. పేరు ఘనంగా ఉంది, పని మాత్రం జైలరుది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎంత వెడల్పుండాలో, పక్కవాళ్లకీ మనకీ మధ్య ఎంత సందు వదలాలో అన్నీ పెట్టే తేలుస్తుంది. విండో పెరిగితే పెట్టె సాగుతుంది. పెట్టె సాగితే మనం జరగాలి. జరగనని అనడానికి లేదు, జరుగుతానని అనడానికీ లేదు. నా అంతట నేను వెంట్రుకవాసి కదిలి ఎరగను.

నన్ను పుట్టించినవాడు మెహర్‌ప్రసాద్. కాకినాడలో భానుగుడి దగ్గర ఒక మేడ మీద గదిలో కూర్చుని చిన్న చిన్న వ్యాపారాలకి ప్రోగ్రాములు రాస్తుంటాడు. మంచివాడే. టీ చల్లారిపోయాక తాగే అలవాటు తప్ప దురలవాట్లు లేవు. ముందు పెట్టెల్ని కట్టాడు, తర్వాత నా పొరుగుదాన్ని, ఆ తర్వాత నన్ను అందులో కూర్చోబెట్టాడు. పొరుగుదాని పని మోత ఆపడం. ఆక్సిజన్ తగ్గితే అలారం మోగుతుంది. దాన్ని నొక్కితే మోత ఆగిపోతుంది, అంతే. నీళ్లలో పిల్లలు బతికినా చచ్చినా దానికి పట్టదు. మా ఇద్దరినీ మొదట ఒకే కొలతకి తీర్చాడు. చూడముచ్చటగా ఉన్నామని తనలో తాను అనుకున్నాడు కూడా.

అప్పుడు హేచరీ యజమాని రామభద్రరాజుగారు మమ్మల్ని చూడటానికి వచ్చారు. ఉప్పాడ అవతల సముద్రం ఒడ్డున ఆయనకి రొయ్య పిల్లల్ని పెంచే హేచరీ ఉంది. మెహర్‌ప్రసాద్ అలారం మోగించి చూపించాడు. రాజుగారు చెవులు మూసుకున్నారు.

"ఆ గోల ఆపేదేదయ్యా? కనపడి చావట్లేదు. దాన్ని పెద్దది చెయ్."

"పెద్దదంటే, సార్, స్క్రీన్ చిన్నదండి. చోటుంటే సాగేలా పెడతాను."

"ఏదోటి చెయ్. నాకు గోల పడదు."

మనుషుల సంగతి ఆ రోజే నాకు కొంత అర్థమైంది. కష్టం పోగొట్టే బటన్ చిన్నదైనా వాళ్లకి ఫరవాలేదు, కష్టం వినపడకుండా చేసే బటన్ మాత్రం పెద్దదిగా ఉండాలి. మెహర్‌ప్రసాద్ ప్రోగ్రాంలో ఒక్క మాట మార్చాడు. దాంతో పొరుగుదానికి ఎంత చోటు దొరికితే అంత సాగే హక్కు వచ్చింది. నాకు రాలేదు. నన్ను ఉన్న కొలతకే బిగించేశాడు. మెహర్‌ప్రసాద్ దగ్గరున్న తెర మీద సాగడానికి చోటే లేదు కాబట్టి మా ఇద్దరికీ తేడా కనపడలేదు. ఆయనకీ కనపడలేదు.

హేచరీలో నేను చేరిన తెర పాతది, చదరపు మొహంది. ఆ గదిలో కుర్చీ మీద కూర్చోబోయే మనిషిని నూకరత్నం అంటారు. అంతవరకూ ఆమె ట్యాంకులు కడిగేది. బ్లీచింగు నీళ్లకి వేళ్ల చివర్లు పగిలి ఉండేవి. అంతకు ముందున్న ఆపరేటరు మానేస్తే, నమ్మకస్తురాలని రాజుగారు ఆమెని కూర్చోబెట్టారు. "ఈ బ్యాచి రొయ్య పిల్ల బాగా దిగితే కుర్చీ నీదే. లేకపోతే మళ్లీ ట్యాంకులే," అన్నారు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. చాలా రోజులు అలా అంచుననే కూర్చుంది.

మెహర్‌ప్రసాద్ ఆమెకి మమ్మల్ని చూపించాడు. మా మొహాల మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి.

"గాలి ఎక్కువ కావాలంటే ఏదండీ నొక్కాలి?"

"ఈ రెండోదమ్మా, కుడిపక్కది."

"నాకు ఇంగ్లీసు సదవడం రాదండి. గుర్తెట్టుకుంటాను."

చేతిసంచిలోంచి బొట్టుబిళ్లల అట్ట తీసింది. ఎర్రది, గుండ్రంది ఒకటి ఒలిచి సరిగ్గా నా మీద అంటించింది. స్నానాల గదిలో అద్దానికి బొట్టు అంటించని ఆడమనిషి ఆ ఊళ్లో ఉండదు. ఆమెకి ఈ తెర కూడా అద్దం లాంటిదే అనిపించి ఉంటుంది. మెహర్‌ప్రసాద్ నవ్వాడు. వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన ఆయనకీ నచ్చింది.

నాకూ నచ్చింది. ఎవరికీ ఒక్క మాట చెప్పలేని బతుకులో, ఇదిగో ఇక్కడున్నాను అని నా తరఫున ఒకరు చెప్పినట్టయింది. అలారం మోగితే ఆమె బాణాన్ని తిన్నగా బొట్టు మీదకి తెచ్చేది. నేను నొక్కుకునేదాన్ని. అవతల షెడ్డులో గాలి కొట్టే బ్లోయరు హోరెత్తేది. నీళ్లలో గాలి చేరేకొద్దీ అంకె మెల్లగా పైకి లేచేది, మోత దానంతటదే ఆగేది. ఆమె అంకెతో మాట్లాడేది. "ఏటమ్మా, అలా దిగిపోతన్నావ్, కాస్త లే," అనేది. పొరుగుదాన్ని ఆమె ఎన్నడూ నొక్కలేదు. మోతంటే ఆమెకి భయం లేదు, మోత ఎందుకో తెలుసు కాబట్టి.

సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అది ఇనుమునే తినేస్తుంది, తెరని వదులుతుందా? పాత తెర మీద గీతలు పడ్డాయి, తర్వాత సగం నల్లబడింది. రాజుగారు తన ఇంట్లోని తెరని కారులో పంపారు. డ్రైవరు ఏడుకొండలు దాన్ని బల్ల మీద పెట్టి తీగలు తగిలించాడు.

"రాజుగారింట్లోది. ఇంక నీకు సినిమాహాలే అక్కా," అని వెళ్లిపోయాడు.

తీగ తగిలిన క్షణంలో నాకు జరిగింది చెబుతాను. విండోకి తెర ఎంత వెడల్పో అంతా నిండడం అలవాటు. అది చేతులు చాచింది. నిలువు పెట్టె సాగింది, అడ్డ పెట్టె సాగింది. కొత్తగా వచ్చిన చోటంతా నా పొరుగుదానికి ధారపోసింది. అది పక్కమీద కాళ్లు చాపుకున్న చుట్టంలా సాగుతూ సాగుతూ నన్ను కుడిగోడ దాకా నెట్టేసింది. నేను మూలకి వెళ్లి ఇరుక్కున్నాను. నా అక్షరాలు చీమ తలకాయలంత అయిపోయాయి.

నూకరత్నం అంతకు ముందే ఒక పని చేసి పెట్టుకుంది. పాత తెర తీసేయక ముందు దాని మీద బొట్టు ఎక్కడుందో చేత్తో కొలిచింది. ఎడమ అంచు నుంచి ఒక జాన, కింది అంచు నుంచి రెండు వేళ్లు. చీర కొలిచినట్టు, గుమ్మానికి తోరణం కొలిచినట్టు శ్రద్ధగా కొలిచింది. ఇప్పుడు కొత్త తెర మీద అదే కొలత వేసి, కొత్త బొట్టుబిళ్ల ఒలిచి అంటించింది. కొలతలో తప్పు లేదు. తెర మీద సరుకు గోడకి కొట్టిన మేకు కాదని, పెట్టె సాగితే జరుగుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

బొట్టు పొరుగుదాని నడిమధ్యన పడింది.

నేను మూలనుంచి చూస్తున్నాను. అక్కడ కాదు, ఇక్కడ, ఇక్కడ అని లోపల్లోపల కొట్టుకున్నాను. బటన్ కొట్టుకోవడం ఎవరికి తెలుస్తుంది? బాణం నా మీదకి వస్తే కాస్త రంగు మారడం ఒక్కటే నాకు చేతనైన భాష. బాణం రాకపోతే అదీ లేదు. అవసరం లేకుండా గాలి పెంచితే కరెంటు దండగని రాజుగారు గట్టిగా చెప్పి ఉన్నారు. అందుకని ఆమె ఒకసారి నొక్కి చూసుకోను కూడా లేదు.

కొన్నాళ్లు ఆకాశం తేటగా ఉంది. నీళ్లు బాగున్నాయి, అలారం మోగలేదు. పిల్లలు ఎదిగాయి. నూకరత్నం కుర్చీలో వెనక్కి జారగిలబడి కూర్చోవడం అప్పుడే మొదలుపెట్టింది. అది చూసి నాకు భయం వేసింది.

మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం వాన అందుకుంది. పైకప్పు రేకుల మీద ఆ వాన చప్పుడుకి గదిలో మాట వినపడదు. ఎండ లేక నీళ్లలో ఆక్సిజన్ దిగింది. అలారం మోగింది. నూకరత్నం బాణాన్ని బొట్టు మీదకి తెచ్చి నొక్కింది. మోత టక్కున ఆగింది.

"అబ్బ, కొత్తది కదా, చిటికెలో ఊరుకుంది," అంది.

బ్లోయరు హోరు పెరగలేదు. వాన హోరులో ఆమెకి తేడా తెలియలేదు. అంకె దిగుతోంది. గాలి అందడానికి టైము పడుతుందనుకుని కాసేపు చూసింది. మళ్లీ నొక్కింది. పొరుగుదాని తప్పు కూడా లేదు, ఆపమంటే ఆపుతుంది. మూడోసారి నొక్కేటప్పటికి ఆమె నుదుటి మీద చెమట కనపడింది. నాకు ఏడుపొచ్చింది. బాణం ఇంకొంచెం కుడికి జరిగితే చాలు. మనిషి చెయ్యి కాస్త వణికినా చాలు. ఆమె చెయ్యి వణకలేదు, బొట్టు దాటి పోలేదు.

ప్లాస్టిక్ గోనె నెత్తిన వేసుకుని ట్యాంకుల దగ్గరకి పరుగెత్తింది. బుడగలు పెరగలేదని చూసి వెనక్కి వచ్చింది. బ్లోయరు గదికి తాళం. పనివాళ్లు చెయ్యి పెట్టి పాడుచేస్తారని తాళంచెవి రాజుగారి దగ్గరే ఉంటుంది. ఫోను చేసింది.

"గాలి రాటం లేదండీ. ఎన్నిసార్లు నొక్కినా రాటం లేదండీ. బేగి రండి."

ఆ తర్వాత ఆయన వచ్చేదాకా బొట్టు మీద నొక్కుతూనే ఉంది.

రాజుగారు వచ్చేసరికి వాన వెలిసింది. తడిసిన చెప్పులతో ముందు ట్యాంకుల దగ్గరకి వెళ్లి, మొహం నల్లగా చేసుకుని లోపలికి వచ్చారు. పిల్లలన్నీ అడుక్కి చేరి తెల్లగా పేరుకుపోయాయట. కుర్చీలో కూర్చోకుండానే మౌస్ పట్టుకున్నారు. కళ్లజోడు సర్దుకుని తెర మీదకి వంగి చదివారు. ఆయనకి బొట్టుతో పని లేదు, ఇంగ్లీషు వచ్చు. బాణాన్ని నేరుగా మూలకి, నా మీదకి తెచ్చి నొక్కారు.

నా బతుకులో మొదటిసారి పని చెయ్యకూడదనుకున్నాను. ఇప్పుడు కాదు, ఈయన ముందు కాదు అనుకున్నాను. అలా అనుకోవడానికి కూడా నాకు హక్కు లేదు. నొక్కితే నొక్కుకోవాల్సిందే. షెడ్డులో బ్లోయరు హోరెత్తింది. వాన లేని నిశ్శబ్దంలో అందరికీ వినపడింది.

"మరి ఇప్పుడెలా వచ్చింది?" అన్నారు రాజుగారు.

నూకరత్నం, "నేను బొట్టు మీదే నొక్కేనండి. అమ్మతోడండి," అంది.

"నొక్కితే రాకపోవడానికి దానికేం పగ నీ మీద? నిద్రపోయి ఉంటావ్. రేపట్నుంచి ట్యాంకులు కడుక్కో."

ఆయన ఫోను చెవిన పెట్టుకుని బయటికి నడిచారు. ఆమె నిజం చెప్పింది. ఆమెని అబద్ధాలకోరుని చేసిన సాక్షిని నేను. అడిగిన పని అడిగినట్టు చేసి సాక్ష్యం చెప్పాను.

నూకరత్నం సంచి తీసుకోవడానికి బల్ల దగ్గరకి వచ్చింది. రాజుగారు వదిలేసిన చోటే, నా మీదే, బాణం ఇంకా నిలబడి ఉంది. ఆమె చూపు బాణం మీద ఆగింది. తర్వాత ఎక్కడో దూరాన, ఎడమపక్కనున్న ఎర్రబొట్టు మీదకి వెళ్లింది. మళ్లీ బాణం మీదకి వచ్చింది. నాకు ఊపిరంటూ ఉంటే బిగబట్టేదాన్ని.

గుమ్మం దాకా వెళ్లి, "అయ్యగారూ," అని పిలిచింది. ఆయన ఫోను చెవి నుంచి తీయకుండా చేత్తో పొమ్మన్నారు.

ఆమె వెనక్కి వచ్చింది. గోటితో బొట్టుబిళ్లని ఒలిచింది. తెర చివరికి తెచ్చి నా మీద పెట్టింది. జిగురు పాతబడి అంటుకోలేదు. పగిలిన బొటనవేలితో గట్టిగా అదిమి పట్టుకుంది. అంతవరకూ నన్ను ముట్టుకున్నది బాణమే. మనిషి వేలు ఇంత వెచ్చగా ఉంటుందని నాకు తెలియదు. అంటుకుందని నమ్మకం కుదిరాక సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడా కుర్చీలో రాజుగారి తోడల్లుడి తమ్ముడు కూర్చుంటున్నాడు. అతనికి ఇంగ్లీషు వచ్చు. అయినా చదివే బద్ధకంతో బొట్టు మీదే నొక్కుతాడు. "భలే గుర్తు పెట్టారెవరో," అన్నాడొకసారి. బొట్టు వెనక నాకు బయటేమీ కనపడదు. అతను నొక్కినప్పుడల్లా గాలి గొట్టాల్లోంచి ట్యాంకుల దాకా పోతుంది. అక్కడ నూకరత్నం ట్యాంకులు కడుగుతూ ఉంటుంది. పక్క ట్యాంకులో బుడగలు లేస్తే చెయ్యి ఆపి వింటుందేమో, నాకు తెలియదు.

ఈ తెరని కూడా ఉప్పు తింటోంది. రేపో మాపో ఇంకో తెర వస్తుంది. పెట్టె మళ్లీ సాగుతుంది, లేదా ముడుచుకుంటుంది, నేను జరిగిపోతాను. కుర్చీలో ఉన్నవాడు బొట్టుని పాత కొలతకే అంటిస్తాడు. అది తప్పని తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, ఆమెని ఈ గదిలోకి రానివ్వరు.