రూతు తరఫున తిన్నవాడు

ప్రభాకరరావు మాస్టారిలో ఒక సుగుణం ఉంది. పక్కన మనిషి ఉండగా ముందు తను తినడు. బిస్కట్టైనా సరే, రెండు ముక్కలు చేసి పెద్దది ఎదుటివాడికిచ్చి చిన్నది తన నోట్లో వేసుకుంటాడు. ఇది వాళ్ళమ్మ నేర్పిన మర్యాదని చెప్పుకుంటాడు. పెద్దముక్క ఇచ్చేటప్పుడు చుట్టుపక్కల ఎవరైనా చూస్తున్నారా లేదా అని ఓరకంట చూసుకోవడం మాత్రం వాళ్ళమ్మ నేర్పింది కాదు.

ఆయన అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు మాస్టారు. బడి వదిలేక తిన్నగా గడియారస్తంభం దగ్గర అంజిబాబు బేకరీకి వస్తాడు. ఒక క్రీమ్ బన్ను, ఒక దిల్‌పసందు. అక్కణ్ణించి కాఫీ హోటలు. దారిలో ఇంకో బేకరీ తగిల్తే అక్కడా ఒక పఫ్. ఇంత తిన్నా మనిషి ఈనెపుల్లలా ఉంటాడు. దానికెవరూ ఆశ్చర్యపోరు. ఆయన తిన్నది ఆయనకి అందదు, కువైట్‌లో ఇంటిపని చేసే భార్య రూతుకి అందుతుంది. ఆవిడ తిన్నది ఈయనకి అందుతుంది. కొన్నిళ్ళలో మేనరికం ఉన్నట్టు, కొన్నిళ్ళలో సుగరు ఉన్నట్టు, పెళ్ళినాటి నుంచీ వీళ్ళకి ఇదుంది.

రూతు మొదట పనిచేసిన ఇంట్లో తిండికి లోటు లేదు. ఆ రోజుల్లో మాస్టారు బొద్దుగా ఉండేవాడు. బోర్డు మీద మామిడికాయ గీస్తూ గీస్తూ మటన్ త్రేనుపు వస్తే, "ఇవాళ అక్కడ పండగాండీ?" అని పిల్లలు అడిగేవారు. తరవాత ఏజెంటు ఆవిణ్ణి ఇంకో ఇంటికి మార్చేడు. ఆ ఇంట్లో వంటగదికి తాళం. రోజుకోసారి ఎండిన రొట్టె, అదీ సగం. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంది. అప్పణ్ణించీ మాస్టారికి లోపల ఎప్పుడూ ఒక గొయ్యి. ఎంత తిన్నా పూడదు.

అంజిబాబుకి అన్నీ తెలుసు. "ఎగ్ పఫ్ వద్దులెండి మాస్టారూ, మొన్న రూతమ్మగారికి గేసు పట్టిందన్నారు" అని తనే ఎంచి పెట్టేవాడు. ఇద్దరికీ తోచనిదేంటంటే, ఆ క్రీమ్ బన్ను రూతుకి ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. మాస్టారికి ఇష్టం.

దసరా సెలవుల్లో ఒకనాడు ఆవిడ ఫోను చేసింది. దిండులో దాచుకున్న ఫోను. గొంతు గుసగుసలాడుతోంది.

"వచ్చే గురువారం రాత్రి వీళ్ళందరూ ఎడారిలో గుడారాలకి వెళ్తారండి. వంటగదికి తాళమేస్తారు గానీ వెనక గుమ్మం గొళ్ళెం ఊడిపోయుంది. శుక్రవారం తెల్లారగట్టే ఎంబసీ దాకా నడిచిపోతాను. చాలా దూరం. ఒంట్లో సత్తువ లేదు."

"నేను తింటాను కదా రూతూ. బేకరీలో ఉన్నవన్నీ తింటాను."

"మీ బన్నులు గిన్నెలు తోమేలోపు అరిగిపోతాయండి. చేత్తో చేసుకున్నదైతేనే నిలుస్తుంది. మనింట్లో చూసేరు కదా, నేను పొట్టిక్కలు చేసుకు తిన్నరోజు మీకు సాయంత్రం దాకా ఆకలుండేది కాదు. అవి చెయ్యండి. పొద్దున్నే, ఖాళీ కడుపు మీద తినండి. అంతకుముందు ఇంకేమీ ముట్టకండి. ఎవరికీ చెప్పకండి, ఏజెంటు మనుషులు అన్నిచోట్లా ఉంటారు."

మాస్టారికి కాఫీ కలపడం కూడా రాదు. రూతు తరఫున తినే హోదాలో ఉన్నవాడు వంట నేర్చుకోవడం ఏమిటని ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు. అంబాజీపేటలో సాయిదుర్గ గారు ఇంటి వసారాలో వంటక్లాసు పెడతారు. చేతులు పెట్టి నేర్చుకోవాలి, చూసి వెళ్ళిపోతే కుదరదు. పట్నం కాపురాలకి వెళ్ళబోయే ఆడపిల్లల మధ్య మాస్టారొక్కడే మగాడు.

పొట్టిక్కంటే ఇడ్లీ పిండే. కిటుకంతా బుట్టలో ఉంది. నాలుగు పనసాకులు ఒకదానిమీదొకటి వేసి, ఈనెపుల్లలతో గుచ్చి, గిన్నెలా నిలబెట్టి, అందులో పిండి పోసి ఆవిరికి పెట్టాలి. మాస్టారి బుట్టలు చూడ్డానికి బొమ్మల్లా ఉన్నాయి. పిండి పోస్తే జల్లెళ్ళు.

"మీరు అందం చూస్తున్నారండి. ఆకు చూడండి" అన్నారు సాయిదుర్గ గారు. ఆయ్ అన్నాడు గానీ, మర్నాడూ అందమే చూసేడు.

శుక్రవారం పొద్దున్నే టీ కూడా ముట్టకుండా మొదటి బస్సుకి వెళ్ళేడు. బుట్టలు కుట్టేడు, పిండి పోసేడు. సగానికి సగం ఆవిరిపాత్రలోకే కారిపోయాయి. మూడు నిలిచాయి. ఆకు వాసనతో, తెల్లగా, పొంగి. వాటిని కంచంలో పెట్టుకుని కొబ్బరి పచ్చడి వేసుకుని, మొదటిదాని ఆకు ఒలిచి, ముక్క తుంపేడు.

అప్పుడు సాయిదుర్గ గారి మామగారు కామేశ్వరరావు గారు పేపరు పట్టుకుని వసారాలోకి వచ్చేరు.

మాస్టారి చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగింది. "రండి బాబాయిగారూ. ఒకటి రుచి చూడండి."

"వద్దండి. ఇప్పుడే టిఫినైంది."

ఆయన నిజంగానే వద్దన్నారు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ మన గోదావరి జిల్లాలో మొదటి వద్దుకి ఆగిపోయినవాణ్ణి మనిషంటారా? "నా చేతివంటండి, కాదనకూడదు" అన్నాడు మాస్టారు. రెండోసారీ వద్దన్నారు, మూడోసారీ అన్నారు. నాలుగోసారికి ఓడిపోయి కూర్చుని తిన్నారు. ఇక యామిని అనే పిల్లా, ఆ పక్క పిల్లా చూస్తూ ఉండగా పెద్దాయనొక్కడికే పెట్టడం ఏం మర్యాద? వాళ్ళనీ బతిమాలేడు. బతిమాలడానికి పట్టినంతసేపు తినడానికి పట్టలేదు.

"మాస్టారి చేతిలో ఏదో ఉందండి" అన్నారు కామేశ్వరరావు గారు. మాస్టారికి ఆ మాట తీయగా ఉంది. ఎవరెవరు విన్నారో చూసుకున్నాడు.

"మరి మీకో?" అన్నారు సాయిదుర్గ గారు. "రూతమ్మగారు ఆకలిగా ఉంటారేమోనండి."

అసలు సంగతి చెప్పకూడదు. పోనీ 'నాకు ఆకలేస్తోందండి' అన్నా సరిపోయేది. ఆ మాట నలుగురిలో అనేకంటే కాలవలో పడ్డం నయమనుకునే రకం ఆయన. "ఆవిడ ఇవాళ బాగానే తినుంటుందిలెండి" అన్నాడు. అంటూండగానే కళ్ళు బైర్లు కమ్మి స్తంభం పట్టుకున్నాడు. పొయ్యి సెగ అనుకున్నాడు.

మళ్ళీ ఆకులు కోసి, మళ్ళీ కుట్టి, కారినవి కారగా రెండో వాయి దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పెరట్లోకి పోయి గోడవైపు తిరిగి అన్నీ తిన్నాడు. ఇసకలో పోసిన నీళ్ళలా కడుపులోంచి ఇంకిపోయాయి. అందుతోందని సంబరపడ్డాడు.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే ఫోను మోగింది.

"సగం దూరం కూడా వెళ్ళకుండానే కళ్ళు తిరిగాయండి. రోడ్డు పక్కన కూర్చుండిపోయేను. మీరు తింటారని చూసేను. చాలాసేపు చూసేను. ఎండకి పోతానేమోనని భయమేసింది. ముందుకెళ్ళడం కంటే వెనక్కి ఇల్లే దగ్గర కదాండీ, పాక్కుంటూ వచ్చేసేను. వాళ్ళూ తొందరగా వచ్చేసేరు. గుమ్మంలో నిలబెట్టి తిడుతూంటే అప్పుడు కడుపు నిండింది."

మాస్టారు రోడ్డు పక్కకి జరిగి ఫోను చెవికి అదిమిపట్టుకున్నాడు.

"సాయంత్రం దాకా నిలిచేయండి. ఆ సత్తువతోనే ఇల్లంతా తుడిపించేరు. గొళ్ళెం బాగుచేయించేరు. చార్జరు తీసేసుకున్నారు. ఉన్న చార్జింగయిపోతే ఇంక ఫోనుండదు."

ఆలస్యం ఎందుకైందని ఆవిడ అడుగుతుందని, బస్సు రాలేదని చెబుదామని సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ అడగలేదు.

"చాలా బాగున్నాయండి. ఉప్పు సరిగ్గా వేసేరు" అంది. ఫోను ఆగిపోయింది.

సోమవారం అంజిబాబు బేకరీలో బల్ల దగ్గర కూర్చున్నాడు. లోపలి గొయ్యి అలాగే ఉంది. అది ఉన్నంతకాలం ఆవిడ ఉన్నట్టు. ఎదర క్రీమ్ బన్ను. ఇవాళ ఎవరొచ్చినా సరే, తలెత్తకుండా తినెయ్యాలి. నోరు తెరిచేడు. ఎవరో పెద్దమనిషి, ముఖం కూడా తెలీదు, "ఖాళీయేనాండీ" అని ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

చేతులు వాటంతటవే బన్నుని రెండు చేసేయి. పెద్దముక్క అటు జరిగింది.

"తీసుకోండి" అన్నాడు మాస్టారు.

"వద్దండి" అన్నాడాయన.

"అయ్యో, ఒక్క ముక్కండి."

పొట్టిక్కలు చెయ్యడం ప్రభాకరరావుకి వచ్చింది. ఇప్పుడు బుట్టలు కారడం లేదు. ముందు తను తినడం మాత్రం ఇంకా రాలేదు.