అల్లుడు బాగుచేసిన వెబ్‌సైటు

కరీంనగర్‌లో సదానందం సార్ కోచింగ్ సెంటర్‌కు వెబ్‌సైటు చేసింది కైనాత్. వార్షికోత్సవంలో శాలువా కప్పించుకున్నది మాత్రం సార్ అల్లుడు కొండల్. "సైటంతా మా అల్లుడే చేసిండు" అని సార్ మైకులో చెబుతుంటే, కైనాత్ వెనక కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మర్నాడే సార్ పిలిచి, "ఇగ నువ్వు రానక్కర లేదు బిడ్డా" అన్నాడు.

ఆమె వెళ్లిపోయింది గానీ సర్వర్ పాస్‌వర్డ్ ఆమె దగ్గరే ఉండిపోయింది. మార్చాలన్న సంగతే అక్కడ ఎవరికీ తట్టలేదు. పరీక్షల వారం రాగానే లోపలికి వెళ్లి ఒకే ఒక్క లైను చెరిపేసింది. మోడల్ పేపర్లన్నీ కట్టగట్టి పెట్టిన జిప్ ఫైలు తెర మీద చదివేది కాదు, డౌన్‌లోడ్ చేసుకుని విప్పుకునేది అని సర్వర్‌కు చెప్పే లైను అది. అది లేకపోతే సర్వర్ ఆ ఫైలును మామూలు రాత అనుకుంటుంది. మోడల్ పేపర్లు నొక్కినవాళ్ల ఫోన్ నిండా పిచ్చి గుర్తులు పరుచుకుంటాయి.

కొండల్ రెండు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాడని తెలిసి కైనాత్ కడుపు చల్లబడింది. ఇవాళ నాలుగింటికి కొత్త బ్యాచ్ తల్లిదండ్రుల ముందు, పెద్ద తెర మీద, ఆ పేపర్లు అతనే దింపి చూపించాలి. చూపించనీ, చూద్దాం అనుకుంది.

పదకొండింటికి ఒక అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు బాలలక్ష్మి. సెంటర్‌లో చదివే పిల్లే, అసలు సైటు చేసింది ఈ అక్కేనని తోటివాళ్లు చెబితే శ్రీరాంపూర్ నుంచి బస్సులో వచ్చిందట. ఆదివారం ఆమెకు క్లర్కు పరీక్ష. సంచిలోంచి అరవై కాగితాలు తీసింది. ఫోన్‌లో అర్థం కానిది కాగితం మీదికి వస్తే అర్థమవుతుందని జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ తీయించింది.

"నిన్నటి సంది చదువుతున్న అక్కా. గిది ఏ సబ్జెక్టో సమజైతలేదు. రీజనింగ్ కావచ్చు అనుకున్న."

మొదటి పేజీలో కొన్ని గుర్తుల కింద పెన్సిల్ గీతలు కూడా ఉన్నాయి. కైనాత్ సిగ్గుతో చచ్చిపోయింది. దెబ్బ సార్‌కు కొడితే తగిలింది ఈ పిల్లకు. లాప్‌టాప్ తెరిచి ఆ లైను మళ్లీ రాసింది.

"ఇప్పుడు చూడు చెల్లె."

ఫైలు దిగింది, పేపర్లు విచ్చుకున్నాయి. బాలలక్ష్మి మొహం వెలిగింది. అంతలోనే ఆమె ఫోన్‌కు సెంటర్ నుంచి మెసేజ్ వచ్చింది. బాలలక్ష్మి పైకి చదివింది. "సైటు బాగైంది. మా అల్లుడు ఒక్క నిమిషంలో సరిచేసిండు. సదానందం."

కైనాత్ ఫోన్ తీసుకుని ఆ మెసేజ్ తనే మళ్లీ చదివింది.

"మీ పిల్లలందరికీ వేరే గ్రూపు ఉన్నదా? సార్ లేనిది?"

"ఉన్నది అక్కా. రెండు వందల మందిమి."

"ఈ పేపర్లన్నీ అండ్ల పెట్టు. పంపింది కైనాత్ అని రాయి."

బాలలక్ష్మి పంపింది. అందరికీ చేరాయని వరసగా జవాబులు వచ్చేదాకా కైనాత్ ఆగింది. ఆ పిల్లకు అన్నం పెట్టి, బస్సెక్కించి వచ్చింది. తర్వాత లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ లైను మళ్లీ చెరిపేసింది. పాస్‌వర్డ్ మాత్రం మార్చలేదు. అల్లుడికి దారి మూసిందన్న మాట తనకెందుకు?

నాలుగూ పదికి ఫోన్ మోగింది. సదానందం సార్ గొంతు, వెనకాల జనం గోల.

"మళ్ల ఖరాబైంది బిడ్డా. అందరూ చూస్తున్నరు. జర చూడు."

"మీ అల్లుడికి చెప్పున్రి సార్" అంది కైనాత్ తాపీగా. "ఒక్క నిమిషం పని."