కామా అక్క మెయిలు

బావగారి కుటుంబాన్ని సాగనంపి, వాళ్ళు వాడిన దుప్పట్లు మెషీన్‌లో వేసి, వంటగట్టు మీద లాప్‌టాప్ తెరిచాను. ఇంట్లోనే కూర్చుని అనువాదాలు చేసుకునే ఆడవాళ్ళ కోసం నేనొక మెయిలింగ్ లిస్టు నడుపుతున్నాను. ఒకరు రాస్తే అందరికీ చేరుతుంది. వారంగా ఒక్క మెయిలూ లేదు. పాపం, ఎవరి చాకిరీ వాళ్ళకుంటుంది కదా అనుకున్నాను.

ఎందుకైనా మంచిదని, సర్వర్ చేసే ప్రతి పనీ నమోదయ్యే లాగ్ తెరిచాను. కిందిదాకా ఒకటే వాక్యం: 'తాళం వేరేవారి దగ్గరుంది, ఆగుతున్నాను.' సర్వర్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టింది నేనే, చుట్టాలొచ్చిన రోజు. మెయిళ్ళు పంచే ప్రోగ్రాం, ఇంకొకటి అదే పనికి అడ్డం రాకుండా, ఒక తాళం ఫైలు పెట్టుకుంటుంది. ఆ పాత ఫైలు చెరగకుండా ఉండిపోయింది. కొత్తగా మొదలైంది కాస్తా లోపల ఎవరో ఉన్నారనుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. మొదలుపెట్టాక కాసేపు లాగ్ చూడాలని నాకు తెలుసు. చూడబోతుంటే మా ఆయన వచ్చి, "జీతం లేని ఉద్యోగానికి ఇంత శ్రద్ధేమిటి? అవతల వాళ్ళు హాల్లో కూర్చున్నారు," అన్నారు. మూసేశాను. ఆయన చెయ్యేం వెయ్యలేదు, నా చేతులతో నేనే మూశాను. మంచి కోడలు అనిపించుకోవాలన్న యావ నాలో ఇంకా చావలేదు.

ఆ ఫైలు తీసేస్తే చాలు, ఆగినవన్నీ వెళ్ళిపోతాయి. తీసేముందు ఏమేం ఆగాయో చూశాను. వాటిలో ఒకటి కామా అక్కది. మా అందరి కామాలూ దిద్దుతుందని ఆ పేరు. ఈ మెయిల్లో మాత్రం ఒక్క కామా లేదు.

'ఇంట్లోంచి వచ్చేశాను బస్టాండులో ఉన్నాను ఎవరింట్లోనైనా రెండు రోజులు చోటుంటే చెప్పండి'

కామా అక్కదీ మాదీ ఒకటే ఊరు. ఫోన్ చేశాను.

"అక్కా, మీ మెయిలు ఎవరికీ చేరలేదు. తప్పు నాదే."

"చేరలేదా? అందరూ చదివి ఊరుకున్నారనుకున్నాను. చీకటి పడేదాకా చూసి తిరిగొచ్చేశాను."

గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బావుండేది.

"ఇప్పుడు తాళం తీస్తే అది అందరికీ వెళ్తుంది. మీరేమో ఇంట్లోనే ఉన్నారు, మీ ఆడపడుచు కూడా ఈ లిస్టులోనే ఉంది, చదువుతుంది. చెరిపేయనా?"

అవతల మగగొంతు "ఎవరూ?" అని అడిగింది.

"కామాల గురించి," అందామె. తలుపు మూసిన చప్పుడు. తరవాత గొంతు తగ్గించి, "చెరిపెయ్. అందరికీ ఎందుకు. నువ్వు రాగలవా?" అంది.

ఆ ఒక్క మెయిలూ చెరిపి, తాళం ఫైలు తీసేశాను. మిగతావి ఒక్కొక్కటే కదిలాయి. పొయ్యి కట్టేసి చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నారాయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"ఒకావిడని మనింటికి తీసుకురావడానికి. కొన్నాళ్ళు ఉంటుంది."

"నన్నొక మాట అడగాలి కదా."

"అడుగుతూ కూర్చుంటే ఆలస్యమవుతుంది," అన్నాను. "ఇప్పటికే వారం ఆలస్యం చేశాను."